పోతు బొప్పాయి కాసిన ఏడాది

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. సంవత్సరం రాసి ఉన్న మూలని చెదలు తిన్నాయి. మిగతా పేజీ వాటికి రుచించినట్టు లేదు. హాజరైనవారు: మా రీసెర్చి గైడు గారు, మావయ్య రాఘవయ్య, అమ్మమ్మ, పాలేరు సాంబయ్య, నేను. గైరుహాజరైనవి: తొమ్మిదో నంబరు, ఇరవై ఆరో నంబరు, ముప్పై ఒకటో నంబరు. ఇవి మూడూ బొప్పాయి చెట్లు. ముందురోజు మధ్యాహ్నం నేను ఊరు వదిలేటప్పటికి మూడూ నిలబడే ఉన్నాయి.

పదిహేనో ఏట నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ అలవాటుని అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ చదవలేదు. రిటైరయ్యాక మా ఆవిడ వాటిని అట్టపెట్టెల్లో సర్ది మంచం కిందకి తోసేసింది. పోయిన వారం లావణ్య అనే అమ్మాయి రావడంతో మళ్లీ బయటికి లాగాల్సి వచ్చింది. హైదరాబాదులో పరిశోధన చేస్తోందట. బొప్పాయి పువ్వు ఎప్పుడు ఆడదవుతుంది, ఎప్పుడు మగదవుతుంది, ఏ జన్యువు ఆ సంగతి తేలుస్తుంది, లక్షల ఏళ్లలో ఆ తేడా ఎలా వచ్చింది అన్నది ఆమె పని. విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటడానికే నలభై నిమిషాలు పట్టిందని చెప్పింది. పరిణామక్రమం చదివేవాళ్లకి ఆ మాత్రం ఓపిక ఉండాలన్నాను. నవ్వలేదు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి, వేలెడంత మొక్క ఆకుని గోరంత తుంచితే అది పోతో ఆడో సాయంత్రానికల్లా చెప్పేస్తామంది. మేము ఆరు నెలలు నీళ్లు పోసి, పువ్వు పూసేదాకా ఆ మొక్క మొహంలోకి చూస్తూ కూర్చునేవాళ్లం. "మరి ఆ మిగిలిన ఆరు నెలలూ ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "గ్రాంటులకి దరఖాస్తులు రాస్తాం సార్," అంది.

ఆమెకి కావలసినవి నా డైరీలో అంకెలు. ఏ రోజు తెల్లవారుజామున ఎంత చలి ఉంది, ఏ చెట్టు ఏ కాడకి ఎన్ని పువ్వులు పూశాయి. చలి పడితే కొన్ని పోతు చెట్ల పువ్వుల్లో ఆడ భాగం మేలుకుంటుందన్న దానికి ఇన్నాళ్ల కిందటి రోజువారీ లెక్క ఇంకెక్కడా దొరకలేదట. సెల్‌ఫోనుతో పేజీ తర్వాత పేజీ ఫొటో తీసుకుంది. నేను గీతలు గీసి రాసిన పై సగం మాత్రమే తీసుకుంది. కింద సగం వచ్చేసరికి, "ఇదేంటి సార్?" అంది. "ఇంటి సంగతులమ్మా," అన్నాను. "అయితే అవి అక్కర్లేదు లెండి," అని పేజీ తిప్పేసింది. సైన్సుకి అక్కర్లేనిది కాబట్టి ఆ కింద సగం నిశ్చింతగా ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. అంటే ఉద్యోగం లేని వాడికి మర్యాదగా పెట్టిన పేరు. యూనివర్సిటీ పొలం పల్లం. బొప్పాయి మొదలు దగ్గర రెండు రోజులు నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. అందుకని కంకిపాడు దాటాక బందరు కాలవ పక్కన ఉన్న మా అమ్మమ్మగారి ఊళ్లో, పెరటి వెనక మెరక మీద నలభై మొక్కలు వేసుకోవడానికి గైడు గారు ఒప్పుకున్నారు. మావయ్య కూడా ఒప్పుకున్నాడు. పండ్లొస్తాయనుకున్నాడు పాపం. ఆరు నెలలకి పువ్వులొచ్చి, నలభైలో పద్దెనిమిది పోతులని తేలాక, ఆయన మెరక చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని, "ఇవి చదువుకున్న చెట్లురా. పని చెయ్యవు," అన్నాడు.

ఊళ్లో పోతు బొప్పాయిని ఎవరూ ఉంచరు. పొడుగాటి కాడలకి గుత్తులుగా పూలు వేలాడేస్తుంది, కాయ కాయదు; పూత చూడగానే కొట్టేస్తారు. మరీ ఆశపోతులైతే మొదలుకి ఇనపమేకు కొట్టి, కాస్తుందేమోనని ఒక చలికాలం ఆగుతారు. నేనేమో ఆ పోతుల కోసమే నలభై మొక్కలు వేసినవాణ్ణి. ఎందుకో చెబుతాను. పోతు పువ్వుని నిలువునా చీల్చి భూతద్దం కింద పెడితే నడిమధ్య సూదిమొనంత అండాశయం కనిపిస్తుంది. ఎదగదు, పనికి రాదు. ఒకప్పుడు ఈ జాతిలో ఒకే పువ్వు తల్లీ తండ్రీ రెండూ అయి ఉండేదనీ, తర్వాత తర్వాత కొన్ని చెట్లలో తల్లి సగం మధ్యలో ఆగిపోయిందనీ దాని అర్థం. ఆగిపోయింది గాని చెరిగిపోలేదని నా నమ్మకం. పోతు చెట్టు మీద ఒక్క కాయ పండి, ఆ గింజలు మొలిచి, ఆ పిల్లల్లో ఆడవి కూడా ఉంటే నమ్మకం రుజువవుతుంది. నా థీసిస్ అంతా ఆ గింజల మీద ఆధారపడి ఉంది. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద చదువెందుకని మావయ్య ఒకసారి అడిగాడు; ఆ ప్రశ్న డైరీలో కింద సగంలో రాసుకున్నాను.

ఆ ఇంట్లో నా రోజు పాల వాసనతో మొదలయ్యేది. దాలి గుంటలో పిడకల సెగ మీద ఎర్రగా కాగే పాలు, వాటి మీద అరచేతి మందాన మీగడ, దాని మీద ఎగిరొచ్చి పడే బూడిద. బూడిద ఆరోగ్యానికి మంచిదని అమ్మమ్మ అనేది. తీసే ఓపిక లేదని మాకు తెలుసు. పళ్లు లేవు కాబట్టి చిన్న రోట్లో తమలపాకు, వక్క దంచుకునేది. ఆ టకటకకే నాకు మెలకువ వచ్చేది. మావయ్య అరుగు మీద రేడియో పెట్టుకుని వ్యవసాయం కార్యక్రమంలో మాట్లాడే ఆఫీసరుతో పోట్లాడేవాడు. ఆఫీసరు మినుముకి తెగులు మందు చెబితే, "నువ్వెప్పుడైనా చేలో దిగావా?" అని రేడియోని అడిగేవాడు. అటు నుంచి జవాబు రాకపోతే తనే గెలిచినట్టు. నేను థర్మామీటరు చదివి, పువ్వులు లెక్కపెట్టి, గవర్నర్‌పేటలో టోకున కొన్న బటర్ పేపరు సంచులు, బయటి పుప్పొడి తగలకుండా, పువ్వులకి తొడిగేవాణ్ణి. కాగితాల కొట్టు ఆయన అన్ని సంచులు ఏ మిఠాయికని అడిగితే, పువ్వులకని నిజమే చెప్పాను. అప్పటి నుంచి నన్ను ముందు పంపేసేవాడు, మిగతా బేరగాళ్లు భయపడకుండా. ఊళ్లో మాత్రం 'పూల పెళ్లిళ్ల బ్రోకరు' అన్న పేరు స్థిరపడింది.

అమ్మమ్మకి ఒకరోజు భూతద్దంలో పోతు పువ్వు చూపించాను. చాలాసేపు చూసింది.

"అయితే ఇది కూడా ఒకప్పుడు కనేదేనా?"

"అవునమ్మమ్మా."

"ఎందుకు మానేసింది?"

"అదే తెలియదు. అందుకే చదువుతున్నాను."

"మానేసిందాన్ని మళ్లీ కనమని వెంటపడటం మగాళ్లకే చెల్లింది," అని భూతద్దం నా చేతిలో పెట్టి రోలు దగ్గరికి వెళ్లిపోయింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ విషయం మీద విన్న సెమినార్లలో ఇంతకంటే క్లుప్తమైనది లేదు.

ఆ ఏడాది కార్తీకం నుంచే చలి గట్టిగా పడింది. పుష్యం వెళ్లేసరికి మూడు పోతు చెట్ల మీద, పొడుగాటి కాడల చివర, వేలంత పిందెలు దిగాయి. నేను రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, డైరీకి తప్ప. తర్వాత గైడు గారికి ఉత్తరం రాశాను. ఆయన నమ్మలేదు. చెట్ల నంబర్లు తారుమారు చేసుకుని ఉంటానని, తన కళ్లతో చూస్తే తప్ప ఈ టాపిక్ సాగనివ్వనని, లేకపోతే నెలాఖరుకల్లా బెండకాయ మీదకి మారిపొమ్మని జవాబు రాశారు. బెండకాయ మీద అప్పటికే మా డిపార్టుమెంటులో నలుగురు బతుకుతున్నారు. ఐదోవాడు అక్కర్లేదు. పిందెలు కాయలై, పండి, లోపల గింజ నల్లబడటానికి ఇంకో రెండు మూడు నెలలు కావాలి. ఆయన పన్నెండో తారీకు వస్తానన్నారు. ఆయన చూసేదాకా, ఆ తర్వాత పండేదాకా, ఆ మూడు చెట్లని ఎవరూ ముట్టుకోకూడదు.

నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. గైడు గారు విజయవాడలో లాడ్జిలో దిగుతారు, తెల్లారి టిఫినయ్యాక బస్సుకి ఆయన్ని వెంటబెట్టుకు రావాలి. కాబట్టి పదకొండో తారీకు మధ్యాహ్నం, బయల్దేరే ముందు, సున్నం కలిపి ఆ మూడు చెట్ల మొదళ్లకి నడుమెత్తున అడ్డగీత గీశాను. దూరం నుంచి కూడా కనిపించేలా, రెండు పూతలు. ఏ చెట్టుకి ఎన్ని అంగుళాల ఎత్తులో గీశానో డైరీలో రాసుకున్నాను. ఎందుకు గీశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాసుకున్నాను కదా.

మర్నాడు పదకొండు గంటలకి గైడు గారితో ఇల్లు చేరాను. తోట చూద్దామంటే, ముందు భోజనం అంది అమ్మమ్మ. లాడ్జి ఇడ్లీ తిని వచ్చిన ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. మావయ్య ఉతికిన పంచె కట్టుకున్నాడు. విస్తట్లో మామిడికాయ పప్పు, వంకాయ వేపుడు, పక్కన పెసరపప్పు వేసిన తెల్లటి కూర. గైడు గారు ఆ కూర రెండోసారి వేయించుకున్నారు.

"సొరకాయా అమ్మా ఇది? చాలా లేతగా ఉంది."

"బొప్పాయి బాబూ. మా వాడు పెంచినవే."

ఆడ చెట్లకి కాయలు బోలెడు ఉన్నాయి, నాకేం అనుమానం రాలేదు. "పచ్చివి కోశావా అమ్మమ్మా?" అన్నాను ఊరికే.

"కోయించలేదు నాయనా. చెట్లు కొట్టేస్తుంటే కాయలు పారేయడం దేనికని సాంబయ్య తెచ్చి ఇచ్చాడు. చిన్న చిన్నవి. ఇంత పొడుగు తాళ్లకి వేలాడుతున్నాయి చూడూ, ముంతలు కట్టినట్టు."

పొడుగు కాడలకి కాసినవి ఆ మూడు చెట్లే. గైడు గారు మూడో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన నా థీసిస్‌ని అంత ఇష్టంగా తీసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

మెరక మీదకి వెళ్లాం. చెట్ల మధ్య చక్కగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. మూడు మొదళ్లు, నరికినచోట పాలు కారి గడ్డకట్టి ఉన్నాయి. ఒక మొద్దు మీద సగం సున్నం గీత మిగిలి ఉంది.

"ఎందుకు కొట్టించావు మావయ్యా?"

"ఎందుకేంటి? గుర్తు పెట్టింది నువ్వేగా. పెద్దాయన వస్తున్నాడు, మా వాడికి టైము లేక గీత గీసి వెళ్లాడు, మనమన్నా శుభ్రం చేయించి పెడదామని పొద్దున్నే సాంబయ్యని పిలిచాను."

"గుర్తు పెట్టింది ముట్టుకోవద్దని."

"ముట్టుకోవద్దని సున్నం గీస్తారట్రా ఎవరన్నా?"

సాంబయ్య గొడ్డలి కింద పెట్టి నా వైపు జాలిగా చూశాడు. "చిన్నబాబుగారూ, కలప అడితివాళ్లు చెట్టు బేరమయ్యాక గీసేది సున్నం గీతేగదండీ. కొట్టాల్సిన దానికే గీస్తారు. తుమ్మకైనా, వేపకైనా. చంటిపిల్లాడికి కూడా తెలుసండీ. మీరు పట్నంలో చదివారు కాబట్టి..." అని ఆగిపోయాడు. చదువు గురించి అంతకంటే అనకూడదనుకున్నాడు.

తప్పు సాంబయ్యది కాదు, మావయ్యది కాదు. ఆ ఊళ్లో పెరిగి, కాలవ గట్టు మీద సున్నం గీతలున్న తుమ్మచెట్లు వారం తిరక్కుండా మాయమవడం చూస్తూ బడికి వెళ్లినవాణ్ణి నేను. చెట్టు తన భాషలో చెప్పేది చదవడానికి ఎమ్మెస్సీ చేశాను. ఊరు చెట్టు మీద రాసేది మర్చిపోయాను.

"పోతు చెట్టు మీద కాయలు నేను చూడలేదు," అన్నారు గైడు గారు, పంచె అంచుకి అంటిన బొప్పాయి పాలు తుడుచుకుంటూ.

"తిన్నారు కదండీ," అన్నాడు మావయ్య.

"తిన్నది సాక్ష్యం కాదండీ రాఘవయ్యగారూ," అని నా వైపు తిరిగారు. "శేషగిరీ, నెలాఖరు దాకా టైముంది. పోతు మీద కాయ ఒక్కటి చూపించు. లేదా బెండ." సాయంత్రం బస్సుకి ఆయన్ని ఎక్కించి వచ్చాను. మిగిలిన పదిహేను పోతుల మీద ఒక్క పిందె లేదని, ఇంకో ఏడాది ఆగే ఓపిక ఆయనకి లేదని మావయ్యకి చెప్పాను. ఆ మూడు చెట్లూ ఏం చేశాయో అప్పుడు చెప్పాను, ఏడాదిలో మొదటిసారి. ఆ పూట మావయ్య రేడియో పెట్టలేదు.

ఇదంతా లావణ్యకి చెప్పి ఉంటే ఏమనేదో. ఆమె మొక్కలు గాజు గదిలో ఉంటాయట, ఒక్కొక్కదానికి బార్‌కోడు చారల చీటీ, తలుపుకి వేలిముద్ర తాళం. గొడ్డలి లోపలికి రాదు. కూర వండే అమ్మమ్మ కూడా రాదు. తప్పులు జరగవా అని అడిగితే జరుగుతాయి సార్, కంప్యూటరు ఫైలు చెరిగిపోతుంటుంది అంది. అప్పుడెవరు బాధపడతారని అడగలేదు. ఆమె ఆరు గంటల్లో తేల్చేదాన్ని నేను ఆరు నెలలు చూశాను; కాబట్టి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు, అందులో సందేహం లేదు. అయితే ఆ ఆరు నెలల్లో నేను చెట్టు దగ్గర ఒక్కణ్ణే లేను. ఎగతాళి చేయడానికో, మేకు కొట్టమని సలహా ఇవ్వడానికో, ఊరికే నిలబడటానికో ఎవరో ఒకరు వచ్చేవారు. వాళ్లని నేను పనికి అడ్డం కింద జమకట్టాను. పేజీకి కింద సగం వాళ్లకి కేటాయించానంటే, చోటు మిగిలిపోయి మాత్రమే.

పదమూడో తారీకు గురువారం. పొద్దున లేచేసరికి మావయ్య లేడు. మినుము చేలోకి వెళ్లాడేమోననుకున్నాను. "చేలోకి కాదు, ఊళ్లోకి," అంది అమ్మమ్మ, "వెళ్లి చూడు, పరువు తీసుకుంటున్నాడు." మావయ్య పిలవని పేరంటానికి పోయే మనిషి కాదు. పెళ్లికి కూడా శుభలేఖ చేతికిస్తే తప్ప కదలడు. అలాంటివాడు, నేను వెళ్లేసరికి, మాలో ఎవరమూ ఎప్పుడూ గడప తొక్కని ఇళ్ల ముందు నిలబడి, "అమ్మా, మీ పెరట్లో పోతు బొప్పాయి ఉందా? దానికి కాయలున్నాయా?" అని అడుగుతున్నాడు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "పోతుకి కాయలేంటి రాఘవయ్యగారూ, రాత్రి నిద్ర పట్టలేదా?" అని ఒకాయన అరుగు మీద నుంచే కేకేశాడు. "పట్టలేదు. ఉందా లేదా చెప్పు," అన్నాడు మావయ్య. నేను లెక్కపెట్టింది తొమ్మిది ఇళ్లు. నాకంటే ముందు ఎన్ని అయ్యాయో అడగలేదు.

ఊరి చివర నేతపని చేసే వీరాస్వామి ఇల్లు. పెరట్లో పడుగు నూలు సాగదీసి, దాని మీద ఎండ పడకుండా నీడకని ఒక చెట్టు ఉంచుకున్నాడు. పోతు బొప్పాయి. మావయ్య తలెత్తి చూశాడు, నేనూ చూశాను. బారెడు కాడకి నాలుగు కాయలు, వాటిలో రెండు గుప్పెడంత ఉన్నాయి.

"ఇది ఎన్నాళ్ల నుంచి కాస్తోంది వీరాస్వామీ?" అన్నాడు మావయ్య.

వీరాస్వామి దారం ముడి వేయడం ఆపి అటూ ఇటూ చూశాడు. "చలి ముదిరితే చాలండీ, ఏటా కాస్తది. నాలుగేళ్లయింది. పోతు కాసిందంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదండీ. మా ఆడదానికి కూడా చెప్పొద్దన్నాను."

మావయ్య నన్ను భుజం పట్టుకుని ముందుకి తోశాడు. "వీడికి చెప్పు," అన్నాడు. "నవ్వడు. రాసుకుంటాడు."